ఒక్కరి చేతులే చూడల్ల

టైరులోంచి గాలి దిగే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ కడుపులో మంటగా ఉంటుంది.

పోయిన వారం హిందూపురంలో, పెనుకొండ రోడ్డు మీదున్న పంక్చర్ అంగడి ముందు మా ఆయన జీపు ఆపారు. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, వాల్వు మూత తీసి, పుల్లతో నొక్కి పట్టుకున్నారు. సుయ్యిమని గాలి దిగుతుంటే తల ఎడమ పక్కకు వాల్చి, కళ్లు సగం మూసుకుని విన్నారు. అంగడాయన మీటరు చేత పట్టుకుని నవ్వాడు.

"అందురూ గాలి పట్టించుకునేదానికి వస్తారు. నువ్వొకనివి ఇడిపించుకునేదానికి వస్తావు గదప్పా."

"ఇసకలోకి పోతాండాం," అన్నారు మా ఆయన, కళ్లు తెరవకుండానే.

ఆ తల వాల్చడం మా ఆయనది కాదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన దేన్నీ తల వాల్చి విన్నది నేను చూడలేదు. అది ఆమెది. ఆమె పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆమె మెడ వంపు మాత్రం మా ఆయన మెడ మీద అట్లే ఉండిపోయింది. పోయినవాళ్ల మీద కుళ్లుకోవడం మంచిది కాదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గేదైతే ఎప్పుడో తగ్గి ఉండేది.

ఆమె పేరు ఇక్కడ రాయను. జీపుల వాళ్లంతా అక్కా అనేవాళ్లు. నేను ఏ వరసా కలపలేదు. "మీరు" అంటూ నెట్టుకొచ్చాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయనే ఇంట్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు, లెక్కలు, దేవుడి శ్లోకాలు నేర్పారు. గురువు అంటే నాకు ఆయన ఒక్కరే. ఉన్నదానికి దండం పెట్టుకోవడం కూడా ఆయన నేర్పిందే. పొద్దున దీపం వెలిగించి, బోరులో నీళ్లున్నందుకు, కాళ్లూ చేతులూ ఆడుతున్నందుకు, నిన్న మా ఆయన క్షేమంగా ఇల్లు చేరినందుకు స్వామికి చెప్పుకుంటాను. ఈ చివరి మాట ఊరికే చేర్చింది కాదు. ఆయన బండి నడిపే తీరు అట్లాంటిది.

మాది పట్టుదారం వ్యాపారం. హిందూపురంలో దారం కొని ధర్మవరంలో మగ్గాల వాళ్లకు వేస్తారు. వారానికి రెండు మూడు సార్లు ఆ దారిలో తిరగాలి. పక్కన కూర్చున్నప్పుడల్లా "రోంత మెల్లగా పోండి" అనేదాన్ని. "నువ్వు శ్లోకం చదువుకో, బండి నేను చూసుకుంటా" అనేవారు. నేను శ్లోకం చదువుకునేదాన్ని. పెళ్లైన కొత్తలో మొదలైన ఈ మాటలు అట్లే, ఒక్క అక్షరం తేడా లేకుండా నడిచాయి.

పోతూ వస్తూ పెనుకొండ దగ్గర కొండవాలులో జీపులు ఎక్కడం దిగడం ఆయన చూశారు. ఒక పక్క పెద్ద కార్ల ఫ్యాక్టరీ, నునుపైన కొత్త కార్లు తారు రోడ్డు మీద వరసగా పోతుంటాయి. ఇంకో పక్క దుమ్ముకొట్టుకున్న పాత జీపులు దారే లేని బండల మీద పాకుతుంటాయి. ఆయన కన్ను పాత జీపుల మీద పడింది. రొళ్ల దగ్గర ఒక రైతు అమ్మకానికి పెట్టిన జీపు కొనుక్కొచ్చారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం అని వీధి వీధంతా చెప్పుకున్నారు.

నేను చేయగలిగింది నేను చేశాను. పసుపు రాసి బొట్లు పెట్టి, బంతిపూల దండ లావుగా అల్లి బానెట్టు ముందు అడ్డంగా కట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. ఆయన చేయగలిగింది ఆయన చేశారు. టైర్లకు గాలి గట్టిగా, పిడికిలితో కొడితే టంగుమనేటట్టు పట్టించారు. మా పక్క ఎవరైనా అదే చేస్తారు. ఎటుపోయినా కంపముళ్లే కదా. టైరు గట్టిగా ఉంటే ముల్లు దిగదని అందరి నమ్మకం.

ఆ టైర్లతో, ఆ దండతో, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పెన్నేటి ఇసుకలోకి దించారు. నాలుగు బారలు పోయామో లేదో, బండి నిలబడిపోయింది. ఆయన ఆక్సిలరేటర్ తొక్కారు. ఇసుక నా ఒళ్లంతా పడింది. ఇంకా తొక్కారు. జీపు కోడి పొదిగినట్టు కూర్చుంది. గొర్రెలు తోలుకుపోయేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు, ఎవరెవరో చుట్టూ చేరారు. మా ఊళ్లలో బండి వెనక్కి తీయాలన్నా, ముందుకు పోవాలన్నా అక్కడున్న ప్రతి మనిషీ కండక్టరే.

"రైటుకి కొట్టప్పా."

"కాదబ్బా, లెఫ్టుకి."

"రానీ రానీ రానీ. ఆపు. ఏంటికి ఆపితివి?"

"గట్టిగా తొక్కు, అదే వస్తాది."

నేను "ఆపండి" అంటున్నాను. నా మాట నాకే వినపడలేదు.

అప్పుడు ఆమె వచ్చింది. తన జీపు గట్టు మీదే వదిలిపెట్టి కంపచెట్ల పక్కనుంచి నడుచుకుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి. నేత చీర మడమల పైకి ఎత్తి దోపింది. చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా, కాళ్లకు బూట్లు. వక్కాకుతో నోరు ఎర్రగా ఉంది.

"ఆపు," అంది. అరవలేదు.

మా ఆయన ఆపారు.

అంతే, ఒక్క మాట. నా కుళ్లు ఎక్కడ మొదలైందని స్వామి అడిగితే ఆ ఇసుకలో చోటు చూపించగలను.

"ఏమప్పా, బోరు ఏస్తాండావా ఈడ? ఇంగ రోంత తొక్కు, నీళ్లు పడతాయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నేను అట్లాంటి మాట అని ఉంటే రెండు రోజులు సంగటి తినకుండా ఉండేవారు. ఆమె టైరును అరచేత్తో చరిచి చూసింది.

"గుండు మాదిరి ఉండాది. ఎవురు కొట్టించిరి ఇంత గాలి?"

"ముండ్లు దిగకుండా ఉంటాదని అక్కా."

అప్పుడే అక్క అయిపోయింది.

"ముల్లు దిగితే పంక్చర్ ఏసుకోవచ్చు. బండే దిగితే ఏం చేస్తావు? గాలి తగ్గితే చక్రం సంగటి ముద్ద మాదిరి పరుచుకుంటాది, ఇసక మీద నిలబడతాది. గట్టిది గడ్డపార మాదిరి దిగుతాది." వంగి పుల్లతో వాల్వు నొక్కింది. తల ఎడమ పక్కకు వాల్చింది. "మల్ల తారు రోడ్డు ఎక్కేముందర గాలి పట్టించుకోవల్ల. మరిసిపోయి మెత్తటి టైర్లతో జోరుగా పోతివా, మలుపులో తిరగబడతావు."

నాలుగు చక్రాలకూ గాలి దించాక ముందుకు వచ్చి నా దండ వైపు చూసింది.

"దీన్ని తియ్యల్ల. రేడియేటరుకి ఊపిరాడ్డం లేదు. ఎవురు కట్టింది?"

"నేనే," అన్నాను.

"బాగుండాది. పూజ అయిపాయ గదా, ఇప్పుడు తీసెయ్." నా ముఖం చూసింది. "ఏమ్మే, నువ్వు దండం పెట్టు. నేను నట్లు చూస్తా. రెండూ కావల్ల."

దండ విప్పుతుంటే చేతులకు ఇంజను సెగ తగిలింది. ఆమె చెప్పింది నిజమే. అందుకే ఎక్కువ కోపం వచ్చింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని చక్రాల ముందూ వెనకా ఇసుక చేత్తో తోడేసింది. వచ్చిన చాళ్లలోనే వెనక్కి రమ్మని, తొక్కకుండా ఊపిరి పీల్చినట్టు రమ్మని చెప్పింది. జీపు పైకి వచ్చింది. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. మా ఆయన ఆమెకు పెట్టారు.

ఆ తర్వాత ఆదివారాలు ఆమెవి అయిపోయాయి.

పెనుకొండకు కాస్త దూరంలో ఆమె పుట్టింటి వాళ్లకు భూములున్నాయి. తాతల నాటి కాపులు. చిన్నప్పుడే ట్రాక్టరు ఎక్కిన పిల్ల అట. పెళ్లి చేసుకుని కన్నడ దేశం కాఫీ తోటలకు పోయి, అక్కడ వానలో బురదలో జీపులు నడిపి, భర్త పోయాక తిరిగొచ్చింది. హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి కొత్తగా జీపులు కొన్నవాళ్లు ఆమె వెంట తిరిగేవాళ్లు. ఒకరిద్దరు దుడ్లు ఇవ్వబోతే "డీజిల్ పోయించు, చాలు" అనేదట.

ఇవన్నీ నాకు మా ఆయనే చెప్పేవారు. పొద్దున లేస్తే అక్క, పడుకునే ముందు అక్క. స్టీరింగ్ పట్టుకుంటే బొటనవేళ్లు లోపలికి చుట్టకూడదని, చక్రం బండను కొట్టినప్పుడు స్టీరింగ్ గిర్రున తిరిగి వేలు విరుస్తుందని అక్క చెప్పింది. అప్పటినుంచి ఆయన స్కూటర్ మీద కూడా బొటనవేళ్లు బయటికి పెట్టి, ఏదో ముద్ర పట్టినట్టు పోయేవారు. బజారులో జనం చూసేవాళ్లు. సీటు బెల్టు ఉరితాడు మాదిరి ఉంటుందని ఇన్నేళ్లూ పెట్టుకోని మనిషి, పాలపాకెట్టు తేవడానికి పోయినా పెట్టుకునేవారు. నా బెల్టు తనే లాగి చూసేవారు. ఎవరి చేతులు అట్లా లాగి చూసి ఉంటాయో నాకు తెలుసు కాబట్టి ఆ క్షణం కిటికీ వైపు తిరిగేదాన్ని.

ఒక రోజు చెప్పులు వేసుకుంటూ గడప దగ్గర ఆగారు.

"తాడిమర్రి పక్క పోతాండాం. మూడు జీపులు. సందకాడికి వస్తాం. చీకటి పడినా రాకపోతే ఈ నంబరుకు ఫోన్ చెయ్యి."

నేను చేతిలో చేట పట్టుకుని అట్లే నిలబడిపోయాను. ఎక్కడికి పోతున్నారో, ఎప్పుడొస్తారో చెప్పి పొమ్మని నేను అడగని రోజు లేదు. ఎన్ని సాయంకాలాలు వాకిట్లో నిలబడి ఉంటాను. ఈ రోజు అడగకుండానే చెప్పారు. సంతోషం గొంతు దాకా వచ్చింది.

"ఏమి, ఇట్ల చెప్పి పోతాండారు?"

"ఇంట్లో చెప్పి రానోడిని తన బండెనక రానియ్యదంట అక్క. ఒంటి బండితో పోవద్దంటాది, చెప్పకుండా పోవద్దంటాది."

సంతోషం వచ్చిన దారినే దిగిపోయింది. నాకు కావలసింది నా చేతికి వచ్చింది. ఆమె ఇచ్చిపంపినట్టుగా వచ్చింది.

అట్లని ఊరికే ఉండలేక నేనూ కొన్ని ఆదివారాలు పోయాను. చూడటానికి పోయాను, ఆమెలో తప్పు దొరుకుతుందేమోనని. దొరికింది కొంచెం. నోరు పెద్దది. వక్కాకు ఎక్కడంటే అక్కడ ఉమ్మేది. గుడి ముందు పోతూ చెంపలు వేసుకునేది కాదు. ఎవరైనా పక్క జీపు వాడితో పోటీ పడితే వాడి తాళంచెవి లాక్కుని చొక్కా జేబులో వేసుకుని, సాయంత్రం దాకా ఇచ్చేది కాదు. ధర్మవరం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన తాళంచెవి కూడా అట్లే పోయింది. ఆయన ఆమె వెనకాలే "అక్కా, అక్కా" అంటూ తిరిగాడు.

కానీ ఒకటి చూశాను. దిగి నడవని దారిలో ఆమె బండి పెట్టేది కాదు. నిన్న పోయిన దారే అయినా దిగేది. చేతులు వెనక కట్టుకుని, బూటు కొసతో రాళ్లను కదిపి చూస్తూ, అటు చివరి దాకా పోయి వచ్చేది. "రాత్రి గొర్రెలు నడిచింటాయి, రాయి జరిగింటాది" అనేది. శెనక్కాయ చేను అడ్డమొస్తే, దాని గట్టు చుట్టూ ఎంత దూరమైనా తిప్పుకుని పోవాల్సిందే. ఇరుక్కున్న బండిని తాడు కట్టి లాగేటప్పుడు గొర్రెలకాపరి దగ్గర కొన్న నల్ల కంబళి ఒకటి తెచ్చి తాడు నడిమధ్య వేసేది. తాడు తెగితే కొరడా మాదిరి వచ్చి మనుషుల్ని కొట్టకుండా, ఆ బరువుకు కిందపడుతుందట. తాడు పొడవు కంటే దూరంగా అందరినీ తరిమేది. తరిమేటప్పుడు మగా ఆడా, చిన్నా పెద్దా చూసేది కాదు. నన్నూ తరిమింది. "దూరం పోమ్మే, ఆడ ప్రసాదం పెట్టడం లేదు."

దానికి నవ్వు వచ్చింది నాకు. నవ్వు రాకుండా ఉంటే బాగుండేది.

ఒకసారి మా ఇంటికి వచ్చింది. ధర్మవరం నుంచి తిరిగొస్తూ మా ఆయన వెంట తెచ్చారు. సంగటి, రోట్లో నూరిన ఊరుబిండి పెట్టాను. దేవుడి గది గడప అవతలే నిలబడి దీపం వైపు కాసేపు చూసింది, దండం పెట్టలేదు. తర్వాత తినడానికి కూర్చుంది. మా ఆయన చేయి కడుక్కోవడానికి పెరట్లోకి పోగానే నా వైపు తిరిగింది.

"నీ మాట వింటాడా?"

నేను ఆమె కంచంలో ఇంకొంచెం ఊరుబిండి వేశాను.

"వినడు. నా మాటా వినడు లే. బండి ఇరుక్కుంటాదని భయపడి వింటాడు." మిగిలిన ఊరుబిండి వేలితో తుడిచి నాక్కుంది. "వచ్చే ఆదివారం నువ్వు రావల్ల. చీర కాదు, రోంత నడిచేదానికి వచ్చే బట్టలు. చెప్పులు వద్దు, బూట్లు."

నాకు బూట్లు లేవు. కొన్నాను. ఎందుకు కొన్నానో ఆ రోజు నాకే తెలియదు.

ఆ ఆదివారం పెనుకొండ కొండల వెనక పక్కకు పోయాం. బండల మధ్య వాన నీళ్లు కోసుకుపోయిన వాలు అది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ కాకపోయినా పడితే లేచేంత పల్లం కాదు. ఇట్లాంటి చోట డ్రైవరుకు ముందు చక్రాలు ఎక్కడ పడుతున్నాయో కనపడదు. బానెట్టు అవతల ఆకాశమే కనపడుతుంది. కింద ఒకరు నిలబడి చేతులతో దారి చూపించాలి. ఎప్పుడూ ఆమే చూపించేది.

"ఈ పొద్దు మీ ఆయనకు నువ్వు చూపించల్ల," అంది.

మా ఆయన జీపులోంచే అడ్డుపడ్డారు. "అక్కా, నువ్వే నిలబడక్కా. ఆమెకు స్కూటర్ కూడా రాదు."

"దారి చూసేదానికి స్కూటర్ ఏంటికి? కండ్లుంటే చాలు."

"నా మాట వినడు," అన్నాను నేను. అందరి ముందూ అలా అనాలని అనుకోలేదు. వచ్చేసింది.

"మాట ఎవురు చెప్పమనిరి? చేతులు చూపించు." అందరి వైపూ తిరిగింది. "ఇనండి. ఒక్కరి చేతులే చూడల్ల. ఇంగెవురన్నా నోరు తెరిస్తే వాళ్ల తాళంచెవి నా జేబులోకి వస్తాది."

నన్ను వెంటబెట్టుకుని వాలు దిగింది. ప్రతి రాయి దగ్గరా ఆగి, "నువ్వైతే యాడ పెడతావు చక్రం?" అని అడిగింది. నేను చెప్పాను. ఊ అనలేదు, కాదు అనలేదు. ఒక చోట మాత్రం నన్ను చేయి పట్టుకుని పక్కకు లాగింది. "బండికి నేరుగా కింద నిలబడొద్దు. అది జారితే నీ మీదికే. ఈ బండ మీద నిలబడు, వానికి కనపడతావు, బండికి అందవు." తర్వాత గొంతు తగ్గించింది. "వెనక చక్రాలు పక్కకి జారితే బండి అడ్డం తిరుగుతాది. అప్పుడు భయం కొండ పక్కకి తిప్పమంటాది. అట్ల తిప్పితే పొర్లుతాది. పల్లానికే మొకం తిప్పల్ల, నేరుగా దిగిపోవల్ల. గుర్తు పెట్టుకో. పిడికిలి ఎత్తితే ఆగు. చెయ్యి యాడికి చాపితే ఆడికి. అంతే భాష."

ఆమె ఎదురుగా ఇంకో బండ మీదికి పోయి నిలబడింది.

జీపు దిగడం మొదలైంది. మొదటి గేరు, కాలు క్లచ్ మీద లేదు, ఇంజనే బండిని పట్టుకుని మెల్లగా వదులుతోంది. నేను చేతులు చాపాను, ముడిచాను, చాపాను. ఆయన వస్తున్నారు. నా చేయి చూసి వస్తున్నారు. నా గుండె చప్పుడుకు స్వామి నామం కూడా సరిగా రావడం లేదు.

సగం దిగాక వెనక చక్రం కింద రాయి కదిలింది. సన్న కంకర మీద జీపు పక్కకు జారి, అడ్డం తిరగబోయి, వాలిపోయింది. పల్లం వైపు చక్రాల మీదే బరువంతా ఉంది.

నేను పిడికిలి ఎత్తాను. ఆయన ఆపారు.

పైనున్న వాళ్లు తాళంచెవులు మరిచిపోయారు. "కొండ పక్కకి తిప్పప్పా", "పైకి కొట్టు, పైకి", "దూకేయ్". అన్ని నోళ్లూ ఒకేసారి లేచాయి. ఆయన కళ్లు నా మీద నుంచి లేచి, ఎదుటి బండ వైపు పోయాయి. ఆమె కోసం పోయాయి. నాకు తెలుసు అట్లే పోతాయని.

నేనూ అటు చూశాను.

ఆమె వెనక్కి తిరిగి నిలబడింది. మాకు వీపు పెట్టి, చేతులు వెనక కట్టుకుని, కొండను చూస్తూ. మాకు ఖాకీ చొక్కా వెనక భాగం మాత్రమే కనపడుతోంది.

మా ఆయన కాసేపు ఆ వీపును చూశారు. ఇటు తిరుగుతుందేమోనని చూశారు. తిరగలేదు. ఆయనకు చూడటానికి ఇంకెవరూ మిగల్లేదు. నా వైపు తిరిగారు.

నేను చేయి పల్లం వైపు చాపాను.

ఆయన తల అడ్డంగా ఊపారు, చిన్నగా. నేను చేయి దించలేదు. ఆయన పెదవులు ఆడాయి, ఏమన్నారో వినపడలేదు. బొటనవేళ్లు బయట పెట్టి, స్టీరింగ్‌ను పల్లం వైపు తిప్పి, బ్రేకు వదిలారు. జీపు ముఖం తిప్పుకుని, ఒక కుదుపు కుదిపి, నేరుగా, బుద్ధిగా దిగివచ్చింది.

కిందికి వచ్చాక ఆయన దిగి, నీళ్ల సీసా తెరవలేక తెరవలేక తెరిచారు. తాగలేదు. నా చేతికి ఇచ్చారు.

"నీ చెయ్యి వణకలేదు గదే," అన్నారు.

ఇన్నేళ్లలో ఆయన నాతో అన్న మంచి మాటలు చాలానే ఉన్నాయి. ఉన్నవాటికి నేను దండం పెట్టుకున్నాను కూడా. కానీ అది ఒక్కటీ వేరే.

"అయిపాయనా?" అని అక్కడి నుంచే అడిగింది ఆమె, ఇంకా తిరక్కుండానే.

సాయంత్రం టైర్లకు గాలి పట్టిస్తున్నప్పుడు ఆమె పక్కన నిలబడ్డాను. "బండి పొర్లి ఉంటే?" అని అడిగాను. "మీరు చూడకుండా ఎట్ల నిలబడ్డారు?"

"చూస్తే నా నోరు ఊరుకుంటాదా? నన్ను చూస్తాండె వాడు. నువ్వు ఒకటి చూపిస్తావు, నేను ఒకటి అరుస్తా, వాడు సగం నీది సగం నాది తిప్పుతాడు. ఇద్దరం కలిసి చంపుదుము." వక్కాకు పక్కకు ఉమ్మింది. "నాకూ భయమే అయింది. పైకి చెప్పొద్దు."

నేను ఎవరికీ చెప్పలేదు. ఇదిగో ఇక్కడ చెబుతున్నాను.

ఆ రాత్రి దీపం ముందు కూర్చున్నాను. ఆయన నా మాట వినేటట్టు చేయమని ఎన్నేళ్లు అడిగాను స్వామిని. దాన్ని ఆమె వీపు తిప్పి ఇచ్చేసింది. లాక్కునే మనిషి మీద కుళ్లుకోవడం తేలిక. ఉంచుకోగలిగింది ఉంచుకోకుండా చేతిలో పెట్టి పక్కకు తొలగిన మనిషి మీద కుళ్లు ఎట్లా ఉంటుందో అప్పుడే తెలిసింది. అది రెండింతలు ఉంటుంది. ఆ ఎదుటి బండ మీద నేనుండి, నా చోట ఆమె చేతులు చూపిస్తూ ఉంటే, నేను వీపు తిప్పి నిలబడేదాన్నా?

పోయిన చలికాలం ఆమెకు జబ్బు చేసింది. జీపుతో ఏ సంబంధం లేని జబ్బు. తమ్ముడి ఇంట్లో పోయింది. మేం పోయేసరికి జీపులన్నీ ఊరి బయటే నిలిచి ఉన్నాయి, ఒక్క చక్రం కూడా శెనక్కాయ చేనులో లేదు. మా ఆయన ఆమె జీపు బానెట్టు మీద చేయి పెట్టి ఏడ్చారు. చిన్నపిల్లల మాదిరి, ముక్కు తుడుచుకోకుండా. నేను పక్కన నిలబడి, నేను పోతే ఇట్లా ఏడుస్తారా అని అనుకున్నాను. ఆ చోట, ఆ వేళ కూడా అదే అనుకున్నాను.

వాళ్ల పొలంలోనే మట్టి ఇవ్వాలి. పొలానికి పోవాలంటే ఒక వంక దాటాలి, నీళ్లు ఎండిపోయిన వాగు, నిండా గుండ్రాళ్లు. ఆడవాళ్లం వంక గట్టు దాకా పోయి ఆగిపోయాం. మా పక్క అంతవరకే. పాడె మోసేవాళ్లలో ముందు మా ఆయన ఉన్నారు. గట్టు దిగబోతుండగా అందరూ మొదలుపెట్టారు.

"ఎడమకి రాండప్పా."

"ఆడ రాయి ఉండాది, ఈ పక్కకి."

"రానీ రానీ. మెల్లగా. అయ్యో, ఆ పక్క ఎత్తబ్బా."

పాడె ఒరిగింది. మా ఆయన ఆగిపోయారు. అందరినీ దాటుకుని ఆయన కళ్లు గట్టు మీద ఆడవాళ్లలో నన్ను వెతికాయి.

నేను ఆమె తమ్ముడి వైపు చూశాను. ఆయన ఎవరినీ అడగలేదు. "రామ్మా," అన్నాడు.

చెప్పులు గట్టు మీద వదిలి వంకలోకి దిగాను. ముందు అటు చివరి దాకా నడిచాను, పాదంతో రాళ్లు కదిపి చూస్తూ. తిరిగొచ్చి, పాడెకు నేరుగా కాకుండా కాస్త పక్కగా నిలబడి, చేతులు చాపాను. జనం నోళ్లు వాటంతట అవే మూతపడ్డాయి. నలుగురూ నా చేతులే చూస్తూ దిగారు. నేను వెనక్కి నడుస్తూ, చేయి చాపుతూ ముడుస్తూ, ఆమెను అవతలి గట్టు ఎక్కించాను. అక్కడ పిడికిలి ఎత్తాను. ఆగారు.

అంత మంది శిష్యులున్న మనిషి. వాళ్లెవరికీ కాక, ఆ పని నాకే వచ్చింది. ఆ కాసేపూ నాకు కుళ్లు లేదు. దారి చూస్తున్నాను, వేరే దేనికీ చోటు లేదు. చెప్పులు వేసుకోవడానికి గట్టు మీదికి తిరిగొచ్చేసరికి అది నాకోసం అక్కడే కూర్చుని ఉంది.

పోయిన వారం పంక్చర్ అంగడి నుంచి పెన్నేటి ఇసుకకే పోయాం. కొత్తగా జీపు కొన్న ఒకాయన వస్తే, దిగి నడవమని మా ఆయన ఆమె గొంతుతో చెప్పారు. బొటనవేళ్లు అని చెప్పారు. ఇంట్లో చెప్పి వచ్చినావా అని అడిగారు. నేను కంబళి మడత విప్పి తాడు మీద వేశాను. ఇది మేం కొన్న కంబళి, ఆమెది కాదు.

ఇంటికొచ్చి దీపం పెట్టాను. బోరులో నీళ్లున్నందుకు, కాళ్లూ చేతులూ ఆడుతున్నందుకు చెప్పుకున్నాను. ఆయన క్షేమంగా ఇల్లు చేరినందుకు చెప్పుకున్నాను. అన్నీ అయ్యాక, ఒత్తి సవరించి, లేవబోయే ముందు ఆమె పేరు కూడా చెప్పాను. ఆమె ఉన్నన్నాళ్లూ నా నోట పలకని పేరది. రోజూ చెబుతున్నాను ఇప్పుడు. అన్నిటికంటే చివర చెబుతాను. ఇంకొంచెం ముందుకు జరపాలని చూశాను. జరగడం లేదు.